పాలక సర్వరు, పక్క యంత్రం

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే మూడవ స్టేషను అమీరుపేట. నడుమ ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి, సంజీవరెడ్డి నగరు. 2017 నవంబరులో ఈ దారి తెరవక ముందు ఇదే దూరాన్ని సిటీబస్సు ఫుట్‌బోర్డు మీదనో, ఏడుగురి ఆటోలో తొమ్మిదవ మనిషిగానో, జేబులో చిల్లర లేనినాడు కాలినడకనో దాటిన తరం ఒకటుంది. జిల్లాల నుండి వచ్చి ఎర్రగడ్డలో నలుగురికొక గది తీసుకొని, పొద్దున్నే మైత్రీవనం చేరి, ఆదిత్య ఎన్‌క్లేవు మెట్లమీద డెమో తరగతి కోసం నిలబడిన తరం. నేనూ అందులో ఒకణ్ణి.

ఆ భవనాల ముఖాన వేలాడే బోర్డులలో జావా, డాట్‌నెట్, ఒరాకిల్ అన్న పెద్ద అక్షరాల కింద, చూపు బాగున్నవారికి మాత్రమే కనిపించేటట్లు, "వెబ్‌లాజిక్ అడ్మిన్" అని ఉండేది. ప్రోగ్రాములు వ్రాయడం తమవల్ల అయ్యే పని కాదని తేల్చుకున్నవారు ఆ తరగతిలో చేరేవారు. (నేను ఆ కోవలోనివాడినే. దాపరికమెందుకు?) జిరాక్సు దుకాణంలో కొన్న చేతివ్రాత నోట్సులో ఇంటర్వ్యూ ప్రశ్నల పేజీ ఒకటుండేది. అందులో తప్పనిసరి ప్రశ్న: అడ్మిన్ సర్వరు పడిపోతే ఏమవుతుంది? ఏమీ కాదు, మేనేజ్డ్ సర్వర్లు తమ పని తాము చేసుకుంటూ పోతాయి, అని జవాబు. దీన్ని అందరూ గడగడ అప్పజెప్పేవారు. అడిగే వ్యక్తి కాస్త అనుభవజ్ఞుడైతే రెండవ ప్రశ్న వేసేవాడు: ఆ యంత్రం ఇక లేవదయ్యా, అడ్మిన్ సర్వరును వేరే యంత్రం మీద ఎట్లా లేపుతావు? అక్కడ చాలామందిమి నీళ్ళు నమిలేవాళ్ళం. నోట్సులో ఆ జవాబు రెండు పంక్తులలో ముగిసేది. దాని వెనుక యాభై ఏళ్ళ చరిత్ర ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ రంగంతో పరిచయం లేని చదువరుల కోసం ముందుగా కొంత వివరణ. వెబ్‌లాజిక్ అన్నది జావాలో వ్రాసిన పెద్ద అప్లికేషన్లను నడిపే సాఫ్టువేరు. బ్యాంకు ఖాతా చూసుకునేటపుడో, ఫోను బిల్లు కట్టేటపుడో తెర వెనుక ఉండేది ఇటువంటిదే. కొన్ని సర్వర్లను ఒక గుంపుగా కట్టి దానిని డొమైను అంటారు. వచ్చినవారికి జవాబులిచ్చే అసలు చాకిరీ మేనేజ్డ్ సర్వర్లది. ఏ సర్వరు ఏ పోర్టులో ఉండాలి, ఏ డేటాబేసుకు ఏ పాస్‌వర్డుతో వెళ్ళాలి, ఏ అప్లికేషను ఎక్కడ నడవాలి అన్న చిట్టా అంతా అడ్మిన్ సర్వరు చేతిలో ఉంటుంది. డొమైనుకు అది ఒక్కటే. మన ఊళ్ళలో 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యేవరకు కరణం ఎట్లాగో, తెలంగాణలో పట్వారీ ఎట్లాగో, ఇదీ అట్లాగే. కరణం ఊళ్ళో లేనంత మాత్రాన నాగళ్ళు ఆగవు, నాట్లు ఆగవు. ఎవరైనా కొత్త గట్టు వేయాలన్నప్పుడే, పేరు మార్చాలన్నప్పుడే దస్త్రాల కోసం వెతుకులాట మొదలవుతుంది. దస్త్రాలు రెండుచోట్ల, రెండు రకాలుగా ఉంటే ఏమవుతుందో కోర్టు వ్యవహారాలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ముఖ్యమైన యంత్రం పక్కన మరొక యంత్రాన్ని సిద్ధంగా ఉంచడమన్న ఆలోచన కంప్యూటర్లంత పాతది. అమెరికా వాయుసేన శత్రువిమానాలను పసిగట్టడానికి 1950లలో సేజ్ అన్న వ్యవస్థను కట్టించింది. 1958లో న్యూజెర్సీలోని మెగ్వైర్ స్థావరంలో మొదటి కేంద్రం పనిలోకి వచ్చింది. అంతస్తుల కొద్దీ కట్టిన ఆ కేంద్రాలలో ఐ.బి.ఎం. తయారుచేసిన మహాకాయ యంత్రాలు రెండేసి ఉండేవి. ఒకటి పనిచేస్తుంటే రెండవది ఎదురుచూసేది. వేల వాక్యూం ట్యూబులతో నడిచే యంత్రంలో ఎప్పుడు ఏ ట్యూబు కాలిపోతుందో తెలియదు గనుక జంట లేనిదే గడవదు. ఇంత ఖర్చును సైన్యం తప్ప మరెవరు భరించగలరు?

తరువాతి కాలంలో ఈ సమస్యను తలకెత్తుకున్నవారిలో టెలిఫోను కంపెనీ ఒకటి. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటె ఇష్టమైన ఘట్టం ఇదే గనుక కొంచెం ఆగి చెబుతాను. ఎ.టి.అండ్.టి. వారి బెల్ ప్రయోగశాలలలో 1980లలో టక్సీడో అన్న సాఫ్టువేరు పుట్టింది. టెలిఫోను లైన్ల మరమ్మతుల లెక్కలు చూసే వ్యవస్థను యునిక్సు యంత్రాల మీదికి తేవడానికి మొదలైన పని అది. ఒక్క మహాయంత్రానికి బదులు అనేక చిన్న యంత్రాలు కలిసి పనిచేయాలి. ప్రతి యంత్రంలోనూ ఏ సేవ ఎక్కడ దొరుకుతుందో వ్రాసిపెట్టిన ఒక నోటీసు బోర్డు ఉంటుంది. దానిని బులెటిన్ బోర్డు అనే పిలిచారు. బోర్డును కనిపెట్టుకొని ఉండే కాపలాదారు యంత్రానికొకడు. ఆ కాపలాదారులందరి మీద ఒక పెద్ద కాపలాదారు. ఆ పెద్దవాడు ఉండే యంత్రమే మాస్టరు.

టక్సీడో ఆకృతి ఫైలులో మాస్టరు అన్న పదానికి ఎదురుగా కామా పెట్టి రెండు పేర్లు వ్రాయవచ్చు. మొదటిది అసలు యంత్రం, రెండవది బదులు యంత్రం. అంత వివరంగా రెండు పేర్లూ వ్రాసి ఉన్నా, మొదటిది పడిపోతే రెండవది తనంతట తాను గద్దె ఎక్కదు. పరిపాలకుడు రెండవ యంత్రంలోకి లాగిన్ అయి, టి.ఎం.అడ్మిన్ అన్న ఉపకరణాన్ని తెరిచి, మాస్టర్ అని ఆదేశం ఇవ్వాలి. అప్పుడు యంత్రం ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఆర్ యు షూర్? వై అని కొడితేనే కదులుతుంది. పాత మాస్టరు బ్రతికే ఉంటే పెద్ద కాపలాదారును అక్కడినుండి ఇక్కడికి తరలిస్తుంది. చనిపోయి ఉంటే ఇక్కడ కొత్తవాణ్ణి పుట్టిస్తుంది. ఆపైన చనిపోయిన యంత్రం పేర బోర్డులలో మిగిలిన వ్రాతలను చెరిపివేయడానికి వేరే ఆదేశం ఉంది.

కష్టపడి ఇంత అల్లినవారికి ఆ చివరి మెట్టును కూడా యంత్రానికే వదిలిపెట్టడం చేతకాలేదా? చేతకాక కాదు. జవాబు రాని యంత్రం చనిపోయిందో, దారి మాత్రమే తెగిపోయిందో ఇవతలి యంత్రానికి తెలిసే ఉపాయం లేదు. రెండు సందర్భాలలోనూ దానికి వినిపించేది నిశ్శబ్దమే. మనిషైతే లేచి వెళ్ళి చూడగలడు. అక్కడున్న మరొకరికి ఫోను చేయగలడు. చూడకుండా రెండవవాణ్ణి గద్దె ఎక్కిస్తే, మొదటివాడు బ్రతికి ఉన్న పక్షంలో ఒకే ఒరలో రెండు కత్తులు.

ఆ టక్సీడో చేతులు మారింది. యునిక్సుతోపాటు 1993లో నోవెల్ చేతికి, 1996లో బి.ఇ.ఎ. అన్న కొత్త సంస్థ చేతికి వచ్చింది. బి.ఇ.ఎ. అంటే బిల్ కోల్‌మన్, ఎడ్ స్కాట్, ఆల్‌ఫ్రెడ్ చువాంగ్. 1995లో సంస్థను స్థాపించిన ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలవి. అదే 1995లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన వెబ్‌లాజిక్ అన్న చిన్న సంస్థను బి.ఇ.ఎ. 1998లో కొనివేసింది. 2008లో ఆ బి.ఇ.ఎ.ను ఒరాకిల్ సుమారు 850 కోట్ల డాలర్లకు కొన్నది. అమీరుపేటలో బోర్డులు గీసేవాళ్ళకు ఒక వారంపాటు పని దొరికి ఉంటుంది.

వెబ్‌లాజిక్ 6వ వెర్షనులో అడ్మిన్ సర్వరు, మేనేజ్డ్ సర్వర్లు అన్న విభజన వచ్చింది. ఆ రోజులలో అడ్మిన్ సర్వరు లేకుంటే నడుస్తున్న మేనేజ్డ్ సర్వరు నడిచేది గాని, ఆగినదానిని మళ్ళీ లేపడం కుదిరేది కాదు. లేచేటప్పుడు చిట్టా అడ్మిన్ దగ్గర అడిగి తెచ్చుకోవాలి మరి. 2002లో వచ్చిన 7.0 వెర్షను ఈ కొరతను తీర్చింది. మేనేజ్డ్ సర్వరు చిట్టా నకలును దగ్గర పెట్టుకొని, అడ్మిన్ కనిపించకపోతే ఆ నకలుతోనే లేస్తుంది. కొత్త మార్పులు చేయడం వీలుకాదు, అంతే. దీనికి మేనేజ్డ్ సర్వర్ ఇండిపెండెన్స్ అని పేరు.

నా దృష్టిలో ఈ కథకు కీలకం ఇది. అడ్మిన్ సర్వరును జంటగా నడపడం కష్టమని గ్రహించినవారు, దాని బదులు అది లేకున్నా కొంతకాలం గడిచే ఏర్పాటు చేశారు. ఆ గడువు మనిషి కోసం. మనిషి మంచం దిగి, ముఖం కడుక్కొని, యంత్రాల గదికి వెళ్ళి, ఏది చచ్చిందో ఏది బ్రతికిందో కళ్ళతో చూసి నిర్ణయించుకోవడానికి ఇచ్చిన గడువు.

నేను ఆ గడువును వాడుకోలేదు. 2006లో పంజగుట్ట వైపు ఒక చిన్న కార్యాలయంలో రాత్రి కాపలా ఉద్యోగం నాది. వెబ్‌లాజిక్ 8.1. ఒక అర్ధరాత్రి అడ్మిన్ కన్సోలు తెరుచుకోవడం మానింది. పింగుకు జవాబు లేదు. మేనేజ్డ్ సర్వర్లన్నీ నడుస్తూనే ఉన్నాయి, వాడుకరులలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తెల్లవారేదాకా ఊరకున్నా కొంపలు మునిగేవి కావు. కాని ఎర్రగడ్డ గదిలో పాత కంప్యూటర్లు రెండింటిని వైరుతో కలిపి ఈ విద్యను పదిసార్లు సాధన చేసిన గర్వం నాకున్నది. ఎవరికీ ఫోను చేయకుండా బదులు యంత్రం మీద పని మొదలుపెట్టాను.

8.1లో ఆ పని ఇట్లా సాగేది. బదులు యంత్రంలో అదే వెర్షను సాఫ్టువేరు ఉండాలి. బ్యాకప్పు నుండి డొమైను చిట్టాను తెచ్చి అదే చోట పెట్టాలి. దానితోపాటు సీరియలైజ్డ్ సిస్టమ్ ఇని అన్న చిన్న ఫైలును మరువకూడదు. చిట్టాలోని రహస్యపదాలకు తాళంచెవి అదే. అది లేని చిట్టా తాళం పోయిన ఇనుప్పెట్టె. నడుస్తున్న సర్వర్ల జాబితా ఉన్న ఫైలునూ తేవాలి. కొత్త అడ్మిన్ లేవగానే ఆ జాబితా పట్టుకొని ఒక్కొక్క మేనేజ్డ్ సర్వరునూ పలకరించి, ఇకనుండి నేను ఈ చిరునామాలో ఉంటానని చెప్పుకుంటుంది. అన్నీ సవ్యంగా జరిగాయి. ఇరవై నిమిషాలలో కొత్త కన్సోలు తెరుచుకున్నది. టీ తాగి వచ్చి నిద్రపోయాను.

పాత యంత్రం చావనేలేదు. దానికీ నా బల్లకూ నడుమ ఉన్న స్విచ్చిలో ఒక పోర్టు చెడింది, అంతే. పైగా నేను తెచ్చిన బ్యాకప్పు వారంనాటిది. ఆ వారంలో డేటాబేసు పాస్‌వర్డు మార్చారు. ఉదయం షిఫ్టువారు మరేదో కారణాన ఒక మేనేజ్డ్ సర్వరును ఆపి లేపారు. అది నా కొత్త అడ్మిన్ దగ్గర చిట్టా తీసుకొని, పాత పాస్‌వర్డుతో డేటాబేసు తలుపు తట్టడం మొదలుపెట్టింది. పదేపదే తప్పు పాస్‌వర్డు వచ్చేసరికి డేటాబేసు ఆ ఖాతాకు తాళం వేసింది. ఆ ఖాతానే వాడుతున్న మిగిలిన సర్వర్లన్నీ కొత్త కనెక్షన్లు దొరకక ఒక్కొక్కటే మొరాయించాయి. మరమ్మతుకు కూర్చున్న ఇద్దరిలో ఒకరి తెరమీద పాత కన్సోలు, ఇంకొకరి తెరమీద కొత్త కన్సోలు. ఒకరు చేసిన మార్పు ఇంకొకరికి కనబడదు. ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. రెండు అడ్మిన్లు నడుస్తున్నాయని పోల్చుకునేసరికి రెండు గంటలు గడిచాయి. రాత్రి ఏమీ ఆగలేదు. ఉదయం అన్నీ ఆగాయి. ఆపినవాణ్ణి నేను.

తరువాతి వెర్షన్లలో పద్ధతి మెరుగుపడింది. 2005 నాటి 9.0 నుండి చిట్టా నకలు ప్రతి మేనేజ్డ్ సర్వరు దగ్గరా ముందే ఉంటుంది. ఒరాకిల్ కాలానికి ఒక స్థిరమైన విధానం కుదిరింది. డొమైను చిట్టాను ఏ ఒక్క యంత్రం డిస్కులోనో కాక, రెండు యంత్రాలకూ అందే పంపక డిస్కులో పెడతారు గనుక వారంనాటి నకలు బెడద లేదు. అడ్మిన్ సర్వరుకు ఏ యంత్రానికీ చెందని ఒక మారుచిరునామా ఇస్తారు. దానిని వర్చువల్ ఐ.పి. అంటారు. యంత్రం మారినపుడు చిరునామా వెంట వస్తుంది. ముందు పాత యంత్రంలో అడ్మిన్‌ను ఆపాలి, తరువాత అక్కడ చిరునామాను దించాలి, ఆ తరువాతనే కొత్త యంత్రంలో చిరునామాను ఎక్కించాలి. అది ఎక్కిన వెంటనే ఆర్పింగ్ అన్న ఆదేశంతో చుట్టుపక్కల యంత్రాలకు, ఆ పేరుగల ఆసామి ఇప్పుడు ఈ ఇంట్లో ఉంటున్నాడు సుమా అని చాటింపు వేయాలి. లేకుంటే ఉత్తరాలు కొంతసేపు పాత ఇంటికే పోతుంటాయి. చివరగా నోడ్ మేనేజరును, దాని ద్వారా అడ్మిన్‌ను లేపడం. ఒరాకిల్ వారి మార్గదర్శిలో ఈ అధ్యాయం శీర్షికలోనే మాన్యువల్ అన్న మాట ఉంటుంది.

ఈ మారుచిరునామా సంగతి చదివినపుడల్లా నాకు మా ఎర్రగడ్డే గుర్తుకు వస్తుంది. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం సచివాలయాన్ని ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి ఆవరణకు తరలించాలని, ఆసుపత్రిని వికారాబాదు దగ్గరి అనంతగిరికి పంపాలని నిర్ణయించింది. అడ్మినిస్ట్రేషను మొత్తం మన వీధికి ఫెయిలోవరు అవుతున్నదని మిత్రులం నవ్వుకున్నాము. వ్యతిరేకత వచ్చింది, ఆలోచన సాగలేదు. తరలింపు చివరకు వేరే రూపంలో జరిగింది. 2019లో కార్యాలయాలు బూర్గుల రామకృష్ణారావు భవనానికి మారాయి, 2020లో పాత భవనాలు కూల్చారు, 2023 ఏప్రిల్ 30న పాత స్థలంలోనే కొత్త సచివాలయం ప్రారంభమైంది. నడుమనున్న ఆ నాలుగేళ్ళూ "సచివాలయం" అన్న పేరు బూర్గుల భవనానికి అంటుకొని ఉంది. కట్టడం వేరు, చిరునామా వేరు అన్నదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తరగతిలో చెప్పడానికి నాకు దొరకలేదు.

ఇన్నేళ్ళ తరువాత కూడా మనిషినెందుకు నమ్ముకోవడం, యంత్రానికే అప్పగించరాదా అని కుర్రవాళ్ళు అడుగుతారు. అప్పగించినవారు ఉన్నారు. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్‌లో ఒక పరికరం మార్చేటపుడు అమెరికా తూర్పుతీరంలోని డేటాకేంద్రంతో సంబంధం 43 సెకన్లు తెగింది. కాపలా సాఫ్టువేరు చురుకుగా స్పందించి డేటాబేసుల పెద్దరికాన్ని పడమటి తీరానికి మార్చింది. సంబంధం తిరిగి వచ్చేసరికి తూర్పున పడమట లేని వ్రాతలు కొన్ని, పడమట తూర్పున లేని వ్రాతలు కొన్ని. వాటిని సరిచేసి కుదుటపడడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. నా ఇరవై నిమిషాల ఘనకార్యానికి ఇది పెద్దన్న.

అట్లాగని మనిషి తాపీగా కూర్చుంటే సరిపోతుందా అంటే, అదీ అన్నిచోట్లా చెల్లదు. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో టెలికాం లింకుల సమస్యతో ఉదయం 11:40కి లావాదేవీలు ఆగి, మధ్యాహ్నం 3:45కు గాని మొదలుకాలేదు. బదులు కేంద్రం ఉండి కూడా అక్కడికి ఎందుకు మారలేదో చెప్పమని సెబీ అడిగింది. నెల తిరగకుండానే నిబంధన వచ్చింది: అవాంతరం వచ్చిన 30 నిమిషాలలోగా దానిని విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాలలోగా పని మళ్ళీ మొదలుకావాలి. ఇక్కడ కూడా ప్రకటించవలసింది మనిషే. వెబ్‌లాజిక్ వారు మనిషికి గడువు ఇచ్చారు, సెబీ వారు గడియారం ఇచ్చారు. 2024 మార్చి 2న, శనివారంనాడు, ప్రత్యేకంగా బజారు తెరిచి, మొదటి భాగం అసలు కేంద్రం నుండి, రెండవ భాగం బదులు కేంద్రం నుండి నడిపి చూశారు. ఏ ఆపదా లేని రోజున చేసే ఇటువంటి సాధనలో గొప్ప విలువ ఉంది. నా ఎర్రగడ్డ సాధనలో లోటు ఎక్కడున్నదో ఇప్పుడు తెలుస్తుంది. ఆ పదిసార్లూ మొదటి కంప్యూటరు కరెంటు తీగను నా చేతులతో నేనే లాగాను. అది చచ్చిందా అన్న ప్రశ్న నాకు ఒక్కసారి కూడా ఎదురుకాలేదు.

2006లో ఆ ఉదయం గడిచాక మా పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లకాగితం ఇచ్చి, రాత్రి చేసిన పనిని అంచెలంచెలుగా వ్రాయమన్నారు. పదకొండు అంచెలు వ్రాసి ఇచ్చాను. అన్నీ చదివి, పైన ఖాళీలో ఎర్రసిరాతో తన చేతితో ఒక పంక్తి చేర్చి, యంత్రాల గది తలుపుకు అంటించారు. నేను ఆ ఉద్యోగం మానేనాటికి అది అక్కడే ఉంది. "పాత యంత్రాన్ని ఎవరు వెళ్ళి చూశారు? పేరు: ........ సమయం: ........"